చెమటతో దించిన బరువు

అయోవా,
ఫిబ్రవరి, ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన ఆర్డిస్ అక్కకి,

తమ్ముడు లైల్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, నీ మరదలు మార్లిసూ క్షేమం. రోజు విడిచి రోజు డయాలసిస్ కుర్చీలో కూర్చునే నిన్ను క్షేమమా అని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను, ఎలా ఉన్నావు?

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. ఇల్లు వెచ్చబెట్టే మిషను బాగైంది. మార్లిస్ భుజం నొప్పి తగ్గింది, వాకిట్లో మంచు తనే ఎత్తిపోస్తోంది, ఎత్తిపోస్తున్నంతసేపూ నన్ను తిడుతోంది. మన బడి కుస్తీ జట్టు పక్క ఊరివాళ్ళ చేతిలో చిత్తుగా ఓడిపోయింది. కోచ్‌గా నాన్నే ఉండి ఉంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు.

ఇక ఆపరేషన్ తేదీ ఎప్పుడని అడిగావు. దానికి తేదీ లేదక్కా. ఫోన్లో నీ గొంతు వింటే ఈ మాట చెప్పలేనని కాగితం పట్టుకున్నాను.

నా కిడ్నీ నీకు సరిపోతుందని తేలినప్పుడు ఆసుపత్రివాళ్ళు పెట్టిన షరతు నీకు తెలుసు. జనవరి కల్లా నా పొట్టా, బరువూ తగ్గాలి. మొదట్లో నిజంగానే తగ్గాను. పొద్దున్నే నడిచాను, మార్లిస్ పెట్టిన ఆకులన్నీ మేకలా నమిలాను. తరవాత పంట కోతల విందులొచ్చాయి. చర్చిలో పంది మాంసం, జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపలు, పళ్ళు కూరి కాల్చిన నాలుగు రకాల తీపి పైలు. వద్దంటే బాగోదని తిన్నాను అని రాయబోయాను. అది కూడా అబద్ధమే. తినాలనిపించి తిన్నాను.

పరీక్షల రోజు దగ్గరపడ్డాక నాన్న నేర్పిన విద్య గుర్తొచ్చింది. కుస్తీ పోటీ ముందు తూకానికి దిగేటప్పుడు మేం కుర్రాళ్ళం ఏం చేసేవాళ్ళమో నువ్వు చూశావుగా. అదే చేశాను. ఒంటికి చెమట పట్టించే రబ్బరు సూటు తొడుక్కుని, పికప్ బండిలో వేడిగాలి మొత్తం తిప్పి, తలుపులు బిగించుకుని కూర్చున్నాను. నీళ్ళు ముట్టలేదు. ఒంట్లో ఉన్న నీరూ పోవాలని కాఫీ కప్పులో ఉమ్ముతూ ఉన్నాను. మార్లిస్ అద్దం మీద కొట్టి, “ఏమయ్యా, ఈ వయసులో ఏ పోటీకి పోతున్నావ్?” అంది. నవ్వి ఊరుకున్నాను.

తూకంలో నెగ్గాను. అక్కడి నుంచే నీకు ఫోన్ చేసి, నెగ్గానక్కా అన్నాను. నువ్వు ఏడ్చావు.

మర్నాడు ఆసుపత్రిలో నన్ను పరీక్షించే డాక్టర్ హాల్వర్సన్ రమ్మని కబురు పెట్టింది. రక్తపరీక్షలు ఆమె ముందున్నాయి. నీళ్ళు లేక నా కిడ్నీలు అల్లాడిపోయాయట. చక్కెర పైకెక్కుతోందట, ఒంటి లోపలి మంటను చూపించే లెక్క ఏమాత్రం తగ్గలేదట. బరువెలా దించారని అడిగింది. చెప్పేశాను. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది.

“పోయింది నీళ్ళేనండీ, కొవ్వు ఎక్కడిదక్కడే ఉంది,” అంది. “అది ఊరికే కూర్చునే మూట కాదు. అదీ ఒక గ్రంథి లాంటిదే, రోజంతా రక్తంలోకి హార్మోన్లు వదులుతూనే ఉంటుంది. కడుపు లోపల మితిమీరి పేరుకుంటే మంట పెట్టేవి పెరుగుతాయి, మంట ఆర్పేది తగ్గుతుంది. ఆ మంట మీకు కనపడదు. రక్తనాళాల్నీ, కాలేయాన్నీ లోపల్లోపలే తినేస్తుంది. ఇలాగే ఒక కిడ్నీ తీశామనుకోండి, కొన్నేళ్ళకి మీరూ మీ అక్క పక్క కుర్చీలో కూర్చుంటారు.”

కడుపు నిండిందని మెదడుకు చెప్పే హార్మోనూ కొవ్వులోంచే వస్తుందట. నాలాంటివాళ్ళలో అది ఎక్కువై ఎక్కువై, మెదడు దాని మాట వినడం మానేస్తుందట. నన్ను ఓదార్చడానికే చెప్పింది పాపం. కానీ రబ్బరు సూటు తొడుక్కోమని నాకు ఏ హార్మోనూ చెప్పలేదు.

ఇప్పటికి వద్దు, నిజంగా తగ్గి రండి, అప్పుడు చూద్దాం అంది. అక్కా, ఆ మాట వినగానే నాకు హాయిగా అనిపించింది. ఒక్క క్షణమే, కానీ అనిపించింది. కత్తి తప్పిందని నా ప్రాణం కుదుటపడింది. అప్పటి నుంచి నీకు ఫోన్ చేయాలంటే చెయ్యి రాలేదు.

అలా నేను నోరు మూసుకుని ఉండగానే నీ ఉత్తరం వచ్చింది. మీ చర్చిలో వెండెల్ గారు తన కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చారనీ, మా తమ్ముడిది ఖాయమైంది, మీరు శ్రమపడకండని పంపించేశాననీ రాశావు. అది చదివి ఉత్తరం మార్లిస్ చేతికిచ్చి, జరిగిందంతా చెప్పాను. తను కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టింది.

“నీ సిగ్గు కోసం ఆవిణ్ణి చంపుతావా?” అంది. “నువ్వే రాయి. ఇవాళే.”

రాస్తున్నాను. మళ్ళీ నడక మొదలుపెట్టాను, ఈసారి దొంగ పని లేదు. అయినా నా కోసం ఎదురుచూడకు. నా ఒంట్లో మంట ఎప్పటికి ఆరుతుందో నాకే తెలియదు, నీకు అంత వ్యవధి లేదు. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వెండెల్ గారికి ఫోన్ చెయ్యి. నన్ను కాపాడాలని, మా తమ్ముడి ఒళ్ళు సహకరించలేదండీ అంటావు, నాకు తెలుసు. అలా అనకు. మా తమ్ముడు నాతో అబద్ధమాడాడు, మీ కిడ్నీ నాకు కావాలి అని అడుగు.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధంగా ఉన్న తమ్ముడు,
లైల్