నీ వడియాలకు ఎండ

సరోజా,

నీవు చదవలేవని తెలిసే వ్రాస్తున్నాను. నీ సంవత్సరీకానికి గుమ్మడి వడియాలు నేనే పెట్టాను. ఎప్పుడూ నీవు పెట్టే చోటనే, మన డాబా మీద నీ పాత నూలు చీర పరిచి పెట్టాను. అదే నేను చేసిన పొరపాటు.

నీవు పోయాక పక్కనున్న పెంకుటిల్లు పడగొట్టి అయిదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టారు. మన ఎండ పోతుందని, రాత్రిబడిలో నేర్చిన భాషలో ఒక్క తప్పు లేకుండా అభ్యంతరం వ్రాసి ఇచ్చాను. బిల్డరు అది చదివి, "చానా బాగా రాశావన్నా!" అని మెచ్చుకుని, పై అంతస్తు కూడా వేశాడు.

రెండవ నాటికీ వడియాలు తడిగానే ఉన్నాయి. ఆ అపార్ట్‌మెంటు బాల్కనీలో నుంచి ఒక ఇల్లాలు కేకవేసింది.

"ఏందన్నయ్యా, నీడలో వడియాలు ఎండుతయ్యా? బూజు పట్టకముందే మా మిద్దె మీదకి తీసుకురా!"

ఆ మెట్లు ఎన్నడూ ఎక్కనని పంతం పట్టినవాడిని, నీ వడియాల కోసం ఎక్కాను. ఆమే దిగివచ్చి చీర రెండవ వైపు పట్టుకుంది.

పైన ఎండ పుష్కలంగా ఉంది. చీర పరిచి, పిట్టగోడ మీదుగా కిందికి చూశాను. పట్టపగలు మన డాబా అంతా నీడలో ఉంది. నీవు కూర్చునే మూల, చీర వదిలిన తడి ఇంకా ఆరలేదు.