గది తనిఖీ

ప్రియమైన మేస్త్రీ గారికి,

మీ కాలేజీ పెళ్ళాం రాస్తోంది. ఈ వయసులో దీనికి చదువేంటని గోడ కడుతూ నవ్వుకుంటుంటారు, నాకు తెలుసు.

ఆదివారం క్లాసులో కొత్త పాఠం మొదలుపెట్టారు. అమెరికా వాళ్ళ పాత నవల. పొలం పోయిన ఒక కుటుంబం, పనుందని ఎవరో పంచిన కాగితం నమ్మి, డొక్కు లారీకి గిన్నెలూ పరుపులూ కట్టుకుని దేశం మీద పడుతుంది. తీరా వెళ్తే గుడారాలే గతి. కాగితం చూసి బయల్దేరడమేంటండీ, బుర్ర ఇంట్లో మర్చిపోయారా? ఆ ఇంటాయన నడక నేను నడిచి చూపిస్తే క్లాసంతా పడీ పడీ నవ్వింది, మేడంతో సహా.

మీకేం, కంపెనీ ఇచ్చిన గదిలో ఫ్యాను కింద హాయిగా పడుకుంటున్నారు.

నోటి దురుసు మనిషి

*

ప్రియమైన కాలేజీ పిల్లకి,

గది బాగుంది. ఫ్యాను బాగుంది. పనీ బాగానే ఉంది. ఆ ఇంటాయన చివరికి ఏమయ్యాడో రాయి. పాపం, అతన్ని మరీ అంత ఆటపట్టించకు.

నీ మేస్త్రీ

*

ప్రియమైన ఫ్యానుగాలి దొరగారికి,

నవలలో మనిషిని అంటే మీకెందుకండీ అంత నొప్పి? గది బాగుంది, ఫ్యాను బాగుంది, పెళ్ళాం ఎలా ఉందో అడిగే తీరికే లేదు! ఆ గదేదో చూడాల్సిందే. దుప్పటి సరిగ్గా పరుచుకోండి. ఎప్పుడు ఎవరొస్తారో ఏమో!

మీ తుంటరి

*

ప్రియమైన నీకు,

మీ తమ్ముడు లారీ వేసుకుని వచ్చి వెళ్ళాడు. వాడు నీకు చెప్పలేడనిపించి రాస్తున్నాను.

నువ్వు నేర్పి పంపినట్టే లారీ దిగి, గొంతు మార్చి, "తనిఖీ! గదులు ఖాళీ చెయ్యండి!" అని అరిచాడు. ఇక్కడ గదులు లేవు. రోడ్డు పక్కన టార్పాలిన్లు కట్టుకుని ఉంటున్నాం. నిజంగానే వెళ్ళగొట్టడానికి వచ్చారనుకుని అందరూ పరుగందుకున్నారు. పక్కనుండే ముసలమ్మ పొయ్యి మీది గిన్నె దించబోయి వండిందంతా నేలపాలు చేసుకుంది. నేనూ మూట నెత్తిన పెట్టుకుని పరిగెడుతూ మీ తమ్ముడికే ఎదురుపడ్డాను. "బావా" అన్నాడు. అక్క నేర్పిన ఆటేనంటూ నా నెత్తి మీది మూట దించాడు.

మేస్త్రీలు కావాలన్న కాగితం నమ్మే వచ్చాను. ఒక పనికి పదిమంది ఉన్నారు. నిజం రాద్దామని కూర్చున్న రోజే నీ నవల ఉత్తరం వచ్చింది.

నీ మేస్త్రీ

*

ప్రియమైన మీకు,

తమ్ముడు ఏం చెప్పలేదు. వచ్చిన దగ్గర్నుంచీ కడిగిన లారీనే కడుగుతున్నాడు. మీ ఉత్తరం చదివాక అద్దంలో నా మొహం నేనే చూసుకోలేకపోయాను.

ఇంకో సంగతి దాచను. అమెరికా రైతు ఎలా నడుస్తాడో నాకేం తెలుసు? ఆ రోజు క్లాసులో నేను నడిచింది మీ నడకే.

నిన్న పరీక్షలో అడిగారు, పని దొరక్కపోయినా ఆ కుటుంబం వెనక్కి ఎందుకు పోలేదని. పొలం పోయింది, ఇల్లు పోయింది అని అందరూ పేజీలు నింపారు. నేను ఒక్క ముక్కే రాశాను. వెనకాల నవ్వేవాళ్ళు ఉన్నారు కాబట్టి, అని.

తమ్ముడు మళ్ళీ అటు వస్తున్నాడు. ముసలమ్మకి మన పెద్ద గిన్నె నిండా వండి పంపుతున్నాను. నా తరఫున ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టండి. పెట్టి, అదే లారీ ఎక్కండి.

నా జవాబు తప్పని మీరే వచ్చి చూపించాలి.

గుమ్మంలో నోరు మూసుకుని నిలబడే మీ మనిషి