పలక మీది చేపలు

గాల్వే,
నవంబరు 3

ప్రియమైన డింఫ్నా అక్కకి,

తుంటి ఆపరేషను బాగానే అయింది. కర్ర పట్టుకుని నడవమని డాక్టరు అన్నాడు. ఓర్లా అయితే కర్ర ఉన్నా గడప దాటనివ్వడం లేదు. కన్నకూతురనుకున్నాను, జైలరని ఇప్పుడు తెలిసింది. కిటికీలోంచి చూస్తే కార్లు తప్ప ఏమీ కనపడవు. నలభై రెండేళ్ళు ఓవెన్‌దారా నది మీద పడవ నడిపి, వచ్చినవాళ్ళందరికీ చేప ఎక్కడుందో చూపించినవాడికి ఇదేం శిక్షో!

అసలు సంగతి అది కాదు. పేపరు చూశావా? వచ్చే ఏడాది మన నదిలో సాల్మన్ చేపలకి గాలం వేయకూడదట. పట్టి వదిలేస్తామన్నా ఒప్పుకోరట. పూర్తిగా మూతే! నది సముద్రంలో కలిసేచోట ఆనకట్టకి లెక్కల యంత్రం పెట్టారు కదా, ఈ ఏడు మొత్తం నూట పన్నెండు చేపలే పైకి వెళ్ళాయని అది చెప్పిందట. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. చేపలు పట్టడానికి వచ్చి నీ ఇంట్లో దిగినవాళ్ళు లైసెన్సు పుస్తకాల్లో రాసి పంపిన లెక్క ప్రకారం మనం పట్టినవే నూట అరవై! వచ్చినవి నూట పన్నెండైతే నూట అరవై ఎలా పడతాం? మూడో తరగతి పిల్లని అడిగినా ఆ యంత్రానికి కళ్ళు లేవని చెబుతుంది.

ఇరవై ఎనిమిదిన చర్చి హాల్లో ఆఫీసర్లు మన మాట వింటారట. నేను వస్తున్నాను. పుస్తకాల లెక్క వాళ్ళ మొహాన పెట్టి అడుగుతాను. మన గాహన్‌ల ఇంటి మాటకి ఆ లోయలో ఇంకా విలువుంది. నది మూసేస్తే నీ ఇంటి తలుపు తట్టేదెవరు? నాకు మాత్రం పొద్దున లేచి బూట్లు వేసుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

కాలు బాగుంటే ఈపాటికి అక్కడే ఉండేవాణ్ణి.

నీ తమ్ముడు
మాలకీ


ఓవెన్‌దారా,
నవంబరు 9

ఒరేయ్ మాలకీ, నా ప్రియమైన తమ్ముడూ,

నువ్వు పిడికిళ్ళు బిగించి పుట్టావని అమ్మ ఊరికే అనేది కాదు. కాలు ఇంకా నేల మీద సరిగ్గా ఆననే లేదు, అప్పుడే యుద్ధమా?

ఇక్కడ పది రోజులుగా ఒకటే వాన. కోళ్ళు గుడ్లు మానేశాయి. బెల్జియం నుంచి దెవాల్ గారు ఉత్తరం రాశారు. పంతొమ్మిది జూలైలు మన ఇంట్లో గడిపినాయన, ఈసారి సెప్టెంబరు చివరికి కూడా వచ్చినాయన, వచ్చే ఏడు ఐస్‌లాండు వెళతారట. "మదామ్, మీ సోడా రొట్టె మాత్రం నాకు ఎక్కడా దొరకదు" అని రాశారు. రొట్టె కోసం ఎవరొస్తారులే.

హాలుకి వస్తే రా. నిన్ను ఆపగలిగినవాళ్ళు ఇంకా పుట్టలేదు. మాట్లాడు కూడా. సముద్రంలోని సీల్ జంతువులు చేపల్ని తినేస్తున్నాయని చెప్పు, సముద్రం వేడెక్కిందని చెప్పు, అఖాతంలో పంజరాల్లో పెంచే చేపల నుంచి పేలు అంటుకుంటున్నాయని చెప్పు. అవన్నీ నిజాలే. పుస్తకాల జోలికి మాత్రం పోకు. పాత కాగితాలు తిరగేస్తే దుమ్మే లేస్తుంది.

వంటింటి గుమ్మం పక్కన చేపల లెక్క రాసే పలక ఇంకా అలాగే ఉంది. సీజను ఆఖరి రోజు రాసిన నాలుగు నేను తుడవలేదు. ఎందుకో చేతులు రాలేదు.

ఓర్లాకి నా ముద్దులు అందించు.

మీ అక్క
డింఫ్నా


గాల్వే,
నవంబరు 14

ప్రియమైన అక్కా,

దుమ్మా? నీకు మతి పోయిందా? మనకున్న ఆయుధమే అది! సీళ్ళ గురించి, పేల గురించి ఇరవై ఏళ్ళుగా అందరూ అరుస్తూనే ఉన్నారు, ఒక్కడైనా విన్నాడా? ఆఫీసర్లకి అంకె కావాలి. అంకె మన దగ్గరుంది.

ప్రతి సాయంత్రం నేను వచ్చి చెప్పడం, నువ్వు సుద్దముక్కతో పలక మీద వేయడం, అతిథులు భోజనాల దగ్గర అది చూసి మురిసిపోవడం ఊరంతా ఎరుగుదురు. పుస్తకాలన్నీ నీ చేతి మీదుగానే పోస్టుకి వెళ్ళాయి. కాబట్టి నువ్వు నా పక్కన కూర్చోవాలి. నేను అంకె చెప్పగానే లేచి, "అవును, నేనే పంపాను, అందులో తప్పు లేదు" అంటే చాలు. నీ మాట కాదనే ధైర్యం చర్చి ఫాదర్‌కే లేదు, ఆఫీసర్లెంత!

ఓర్లా కారులో తీసుకొస్తానంది. నీలం కోటు ఉతికించి పెట్టుకున్నాను.

నీ
మాలకీ


ఓవెన్‌దారా,
నవంబరు 19

మాలకీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. ఇది పోస్టులో పడేదాకా ఇంట్లోకి అడుగు పెట్టనని ఒట్టేసుకుని పోస్టాఫీసు బల్ల మీదే రాస్తున్నాను.

నేను లేచి ఆ మాట అనలేను. అందులో తప్పుంది. ఆ తప్పు నా చేతిది.

నోరీన్ పోయిన ఏడు గుర్తుందా? భార్య పోతే అందరూ ఏడుస్తారు. నువ్వు ఏడవలేదు, గోడవైపు తిరిగి పడుకున్నావు. తిండి లేదు, స్నానం లేదు. జూలై వచ్చి, దెవాల్ గారు వచ్చి "మాలకీ, పడవ" అంటే లేచావు. నది నిన్ను మంచం మీంచి లేపింది, నేను కాదు. ఆ శరత్కాలంలోనే ఒక ఆఫీసరు మన వంటింట్లో టీ తాగుతూ, "లెక్కలు బాగా పడిపోయాయమ్మా, ఇంకో ఏడు ఇలాగే ఉంటే నది మూయాల్సిందే" అన్నాడు. బల్ల మీద దెవాల్ గారి పుస్తకం ఉంది. సగం ఖాళీ. మీరే పోస్టు చేయండి మదామ్ అని వదిలి వెళ్ళారు. అందులో మూడు చేపలు రాశాను.

కాస్తయినా తటపటాయించలేదురా. ఇప్పుడు తలుచుకుంటే అదే భయం వేస్తోంది.

తొమ్మిదేళ్ళు రాశాను. ఏమీ పట్టనివాళ్ళకి రెండు, ఒకటి పట్టినవాళ్ళకి మూడు. ఈ ఒక్క ఏడే అరవై దాకా ఉంటాయి. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు, నేను నదిలో ఉన్నవాటికన్నా ఎక్కువ రాసి దొరికిపోయాను.

నా రాతలు చూసే కదా వాళ్ళు నదిలో చేపలు పుష్కలమనుకున్నారు! పక్క నదులన్నిటిలో పట్టి వదిలేయమంటే, మన దగ్గర రోజుకి ఒకటి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. సెప్టెంబరు ఆఖరి రోజు దెవాల్ గారు తెచ్చిన చేపని నేనే కోశాను. ఆడది. కడుపు నిండా గుడ్లు. సింకు నిండా నారింజ రంగు. నది అడుగున రాళ్ళ మధ్య గుంట తవ్వుకుని పెట్టుకోవలసినవి. కోళ్ళకి వేశాను. కంచే చేను మేస్తే ఇలాగే ఉంటుంది.

నన్ను తిట్టు. అక్కని కదా అని ఊరుకోకు. కానీ ఆ హాల్లో నా అంకె నీ నోటితో చెప్పకు.

డింఫ్నా


ఓవెన్‌దారా,
డిసెంబరు 1

మాలకీ,

తొమ్మిది రోజులు చూశాను, ఒక్క అక్షరం రాయలేదు. వస్తావో రావో కూడా తెలియదు. తీరా హాలుకి వచ్చి నా పక్కన కూర్చోలేదు, వెనక బెంచీలో ఓర్లా పక్కన కూర్చున్నావు. నువ్వు లేవగానే మాంసం కొట్టు టొమాస్ "అదిగో మాలకీ లేచాడు, ఆఫీసర్లూ, కార్లు స్టార్టు చేసుకోండి!" అన్నాడు. అందరూ నవ్వారు.

"యంత్రం సరిగ్గానే లెక్కపెట్టింది. పుస్తకాలు తప్పు. ఆ తప్పు నాది. నది మూసేయండి."

అంతే అన్నావు. "మమ్మల్ని నిలువునా ముంచావు కదరా" అని టొమాస్ అరుస్తుంటే కర్ర పట్టుకుని బయటికి నడిచావు. గాహన్‌ల మాటని ఆ లోయలో అంతమంది ముందు మంటగలిపావు, నా కోసం. నేనేం చేశానో తెలుసా? బెంచీకి అతుక్కుపోయాను. ఎప్పుడూ ఇంత సిగ్గుపడలేదు.

ఎందుకు చేశావురా అంత పని? నా తప్పు నీ నెత్తిన ఎందుకు వేసుకున్నావు? టీకి కూడా రాకుండా వెళ్ళిపోయావు. సోమవారం నేను ఆఫీసుకి వెళ్ళి ఆ రాత నాదని చెప్పేస్తాను.

డింఫ్నా


గాల్వే,
డిసెంబరు 6

ప్రియమైన అక్కా,

ఆఫీసుకి వెళ్ళు, మంచిదే. కానీ నన్ను కాపాడడానికి మాత్రం వెళ్ళకు. నీ తప్పు నేను మోయలేదు. ఆ హాల్లో నేనన్న ప్రతి మాటా నిజమే.

టీకి ఎందుకు రాలేదంటే, ఆ వంటింట్లో నీ మొహం చూస్తూ ఇది చెప్పలేక.

బావ పోయిన వసంతం నీకు గుర్తుండదు, నాకుంది. ప్యాకీ బావని పాతిపెట్టి వచ్చాక నువ్వు వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డావు. అతిథులకి వడ్డించేదానివి, మళ్ళీ వెళ్ళి అక్కడే నిలబడేదానివి. ఒక సాయంత్రం వచ్చి "ఎన్ని?" అనైనా అడగని నీతో "నాలుగు!" అన్నాను. పట్టింది రెండే. "మిగతా రెండూ వదిలేశాం" అన్నాను. నువ్వు నవ్వావు. సుద్దముక్క తీసుకున్నావు. వదిలేసిన చేపకి సాక్ష్యం ఏముంటుంది? అప్పటినుంచీ వీలైనప్పుడల్లా ఒకటో రెండో, ఒక్కోసారి మూడో కలుపుతూనే ఉన్నాను. పలక చూసి అతిథులు కూడా పుస్తకాల్లో అదే రాసుకునేవారు. పట్టలేదని ఒప్పుకునే గాలంవాడు ఎక్కడుంటాడు!

ఈ ఏడు నావి నలభై. అది నాకు తెలుసు. నూట అరవైలోంచి నా నలభై తీసేసి చూసుకున్నాను, ఇంకా నూట ఇరవై, యంత్రం చెప్పినదానికన్నా ఎక్కువే కదా అని అంత గట్టిగా అరిచాను. నీ చేతి రాత మీద నాకంత నమ్మకం.

నీ ఉత్తరం వచ్చాక నీ అరవై కూడా తీశాను. అరవై మిగిలింది. అక్కా, నూట పన్నెండు చేపలు సముద్రమంతా ఈది మన నదికి వస్తే అరవైని మనం పట్టించాం. సీళ్ళు కాదు, యంత్రం కాదు. ఆ తొమ్మిది రోజులూ నేను నీకు ఉత్తరం రాయకుండా ఆ లెక్క దగ్గరే కూర్చుండిపోయాను. నువ్వు నా కోసం, నేను నీ కోసం. అడిగి ఉంటే ఇద్దరం చెప్పుకునేవాళ్ళం, రొట్టె తింటూ ఏడ్చేవాళ్ళం, నది బతికేది.

నా లైసెన్సు పుస్తకం దీంతో పంపుతున్నాను. పోస్టులో వేయి. ఈ ఏడు పడవ నడపడమే తప్ప నేను గాలం వేయలేదు. ఏమీ పట్టకపోయినా పంపాలి కదా. సున్నా నేనే పెట్టాను, మిగిలిన గళ్ళన్నిటికీ అడ్డగీత కొట్టాను. ఏమనుకోకు, నీ చెయ్యి మంచిది కాదు.

క్రిస్మస్‌కి వస్తాను. చేప లేకుండా భోజనం పెట్టు. అప్పటిదాకా ఆ పలక తుడవకు, దిద్దు. ఆఖరి రోజు నాలుగు కాదు. మేం పట్టింది ఒక్కటే. నువ్వు కోసింది అదే.

నీ తమ్ముడు
మాలకీ