అన్న బల్ల మీది లెక్కల మిషను

పిచ్చుకా,

నా రాత కోడి గెలికినట్టుంటుంది, ఓపిగ్గా చదువుకో. దర్జీ కొట్టులో గుండీలు కుట్టే పనికి మళ్లీ వెళ్తున్నాను. కుట్టు వంకర పోయినా దర్జీ చూడనట్టు ఊరుకుంటున్నాడు. మంచివాడే.

మీ అన్న పోయి ఏడు నెలలైంది. ఇన్నాళ్లూ వాడి బల్ల జోలికి పోలేదు. నిన్న దుమ్ము దులుపుదామని గుడ్డ తీస్తే, మీ కలప డిపో నుంచి నువ్వు బాగుచెయ్యమని వాడికి పంపిన లెక్కల మిషను కనబడింది. అదే, అంకెలు నొక్కితే కూడి కాగితం చుట్ట మీద అచ్చేసే పాతది. ప్లగ్గు పెట్టి చూశాను. గుర్రుమంది గానీ కాగితం కదల్లేదు.

వాడు చేపట్టిన పని సగంలో వదిలే రకం కాదు. మిగతాది నేను చేస్తాను. డిపోలో మెకానిక్కు దాన్ని విప్పుతుంటే పక్కనే కూర్చునేదాన్నని చెప్పేదానివి కదా. ఎక్కడ మొదలుపెట్టాలో రాయి.

ఉంటాను,
అమ్మ


ప్రియమైన అమ్మకి,

నీకెందుకమ్మా ఆ గోల. డిపోకి కొత్త మిషను వచ్చేసింది. మా డిపో యజమాని పెద్దాయన కూడా ఆ పాతదాని ఊసెత్తడం మానేశాడు. అయినా నువ్వు పట్టిన పట్టు వదలవు కాబట్టి రాస్తున్నాను.

ముందు ప్లగ్గు తీసెయ్. కాగితాన్ని లాగే రబ్బరు రోలరు పాతబడి జిగురులా కరిగిపోయి ఉంటుంది. దాన్నంతా గోకి, స్పిరిటుతో తుడువు. ఉత్త ఇనప కడ్డీ మిగులుతుంది. దాని మీద సైకిలు వాల్వు ట్యూబు ముక్క తొడుగు, సరిగ్గా పడుతుంది. తర్వాత సిరా రిబ్బను ఎలా ఉందో చూడు. మరలు ఒకదాంతో ఒకటి కలిసిపోతే మళ్లీ బిగించడం ఎవరి తరమూ కాదు, జాగ్రత్త.

మోటారు కింద ఒక పలక ఉంటుంది. దాన్ని మాత్రం విప్పకు.

నీ పిచ్చుక


పిచ్చుకా,

వాడి పనిముట్ల పెట్టె అప్పుడే వాడి స్నేహితుడికి ఇచ్చేశాం కదా, ఇంట్లో ఒక్కటీ లేదు. ఆ మరలు చూస్తే ఆవగింజలంత. విరిగిన గొడుగు ఊచను రాతి మీద అరగదీసి కొస పల్చన చేశాను. బ్రహ్మాండంగా తిరుగుతోంది. తీసిన మరను తీసినట్టే పాత దుప్పటి మీద దారంతో కుట్టేశాను, వరసగా, కుడి నుంచి ఎడమకి. చేతనైన పని అదే కదా మరి. దర్జీ చూసి, ఏమిటీ కొత్త ఫ్యాషనా అన్నాడు.

రోలరు గోకడానికి మూడు రోజులు పట్టింది. స్పిరిటు ఆసుపత్రి నర్సమ్మ ఇచ్చింది. వాల్వు ట్యూబు మీ అన్న సొరుగులో దొరికింది. తొడగబోతే ఒక పట్టాన ఎక్కలేదు, ఉమ్ము రాస్తే జారిపోయింది.

రిబ్బను మరీ నల్లగా మట్టికొట్టుకుని ఉంది. సబ్బు పెట్టి ఉతికి ఆరేశాను. ఎంత తెల్లగా వచ్చిందో.

ఇక మిగిలింది ఆ పలకొక్కటే. ఎందుకు విప్పొద్దన్నావు?

జవాబు కోసం చూస్తుంటాను,
అమ్మ


ప్రియమైన అమ్మకి,

సిరా రిబ్బన్ని సిరా లేకుండా ఉతికిన మనిషివి నువ్వొక్కదానివే. నీ ఉత్తరం డిపోలో అందరికీ చదివి వినిపించాను. పెద్దాయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. ముద్రలు కొట్టే ప్యాడు ఉంటుంది చూడు, ఆ సిరా పట్టిస్తే సరిపోతుంది.

నవ్వాక ఆ పూట ఇక పని చెయ్యలేకపోయాను.

పలక కింద తెల్లటి పళ్ల చక్రం ఒకటుంటుంది. మోటారు తిప్పేది దాన్నే, అది అంకెల్ని తిప్పుతుంది. నేను పంపేనాటికే అది పగిలిపోయింది, నా కళ్లతో చూశాను. అది లేకపోతే నువ్వెన్ని తొడిగినా, ఎంత సిరా పట్టించినా ఒక్క అంకె పడదు. అలాంటి చక్రం ఇప్పుడెక్కడా దొరకదు. ఎలాగైనా సంపాదించమని అన్నకి రాసింది నేనే. శనివారంలోగా రాకపోతే పెద్దాయన దగ్గర నా పరువు పోతుందని రాశాను. శుక్రవారం పొద్దున వాడు సైకిలెక్కాడు. మలుపు దాటలేదు, అక్కడే పోయాడు.

నువ్వు ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. ఆ మిషను పారెయ్యమ్మా. నాకోసం.

పిచ్చుక


పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఒంట్లో చేతకాక రాయలేదనుకుంటావేమో, అది కాదు. ఎలా రాయాలో తెలియక.

నువ్వన్న మాట నా కడుపులోనూ ఉంది. మొదటి రోజు నుంచీ ఉంది. చక్రం వెతుక్కుంటూ వెళ్లాడనే నేనూ అనుకున్నాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు, దేవుడి మీద కోపం నీ మీద పెట్టుకున్నాను. దినాలయ్యాక నువ్వు బస్సెక్కి వెళ్తుంటే ఒంట్లో బాగాలేదని గుమ్మం దాకా కూడా రాలేదు. బాగానే ఉంది ఒళ్లు. నీ మొహం చూడలేక రాలేదు. తల్లి అలా చెయ్యకూడదు. చేశాను.

నువ్వే ఆ మాట రాసేసరికి, కాదమ్మా అని రాయడానికి కలం తీశాను. రాయలేకపోయాను. అబద్ధమయ్యేది. అందుకే నెలంతా ఊరుకున్నాను.

మొన్న మిషను మూత బిగించి పక్కన పెట్టేద్దామనుకున్నాను. పారెయ్యడానికి మనసొప్పలేదు. ఉతికిన రిబ్బనుకి పోస్టాఫీసు గుమాస్తా ఇచ్చిన సిరా పట్టించి, దుప్పటి మీది మరలు ఒక్కొక్కటే తెంపి బిగించాను. ఒక్క అంకె పడదన్నావు కదా, పడదనే ప్లగ్గు పెట్టాను. ఏడు నొక్కాను. టకటకమని కాగితం ముందుకొచ్చింది, దాని మీద ఏడు. కాస్త వెలిసినట్టుంది గానీ ఏడే. ఎనిమిది నొక్కాను. అదీ పడింది.

నువ్వు లెక్కలు తెలిసినదానివి, తప్పు చెప్పవు. మరి చక్రం లేకుండా ఎలా తిరిగిందా అని ప్లగ్గు పీకి, నువ్వు వద్దన్న పలక విప్పాను.

చక్రం ఉంది. పగిలిందే, నువ్వు చూసిందే. పగులు దగ్గర దగ్గరగా పట్టి, నడుము చుట్టూ సన్నటి రాగి తీగ చుట్టి, పైన గమ్ము పూసి ఉంది. గమ్ము రాయిలా గట్టిపడింది. ఆ చుట్టు నేనెరిగిందే. గుండీ ఊగకుండా దాని కింద దారం చుడతాం చూడు, ఆరు చుట్లు చుట్టి కొస లోపలికి దూర్చి లాగుతాం. అచ్చం అలాగే. మీ అన్న బడి నుంచి వచ్చి దర్జీ కొట్టులో నా పక్కన కూర్చుని నేర్చుకున్నది. మగాడివి, గుండీలు కుడతావా అని దర్జీ వెక్కిరిస్తే, ఊడిపోతే నువ్వొచ్చి కుడతావా అనేవాడు.

వాడు సైకిలెక్కేనాటికి చక్రం పని అయిపోయింది, పిచ్చుకా. కట్టి, గమ్ము ఆరనిచ్చి, పలక కూడా బిగించేశాడు. ఆ రోజు ఎందుకెళ్లాడో నాకు తెలీదు. ఎవరూ చెప్పలేరు. నీ చక్రం కోసం మాత్రం కాదు.

ఇది తెలియకపోయినా నిన్ను క్షమించేదాన్నా అంటే, క్షమించడానికి నీ తప్పేముంది? క్షమించమని అడగాల్సింది నేను.

మిషను పార్సిలు చెయ్యను. నాలుగు రోజులు సెలవు పెట్టి నువ్వే వచ్చి తీసుకెళ్లు. ఈసారి బస్సు దగ్గరికే వస్తాను.

నీ అమ్మ

పోయినసారి చూసినప్పుడు మెడ ఎముకలు బయటపడ్డాయి నీకు. వేళకి తిను. కడుపునిండా తిను.