పిట్టకు పెట్టిన బీడీ

కోరుట్ల, ఆదివారం రాత్రి

ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో తమ్ముడు పోయి ఇవాళ్టికి మూడో రోజు. పిట్టకు పెట్టడానికి కాటికి వెళ్ళాం. అన్నం, కోడికూర, కల్లు పెట్టి దూరంగా నిలబడ్డాం. ఒక్క కాకి కూడా వాలలేదు.

"వానికి బీడీ అంటే పాణం. ముట్టిచ్చి పెట్టుండ్రి, గప్పుడు కాకి అత్తది" అన్నాడు పెద్దబాపు.

ఆ బీడీయే కదా వాణ్ణి తిన్నది! "వద్దు పెద్దబాపూ" అన్నాను. నా గొంతు ఎవరికి వినబడుతుంది?

తమ్ముడి కొడుకు శ్రీకాంత్ తన జేబులోంచే బీడీ తీశాడు. గాలికి చెయ్యి అడ్డం పెట్టి, ఒక్క పుల్లతో ముట్టించి గట్టిగా గుంజాడు. దగ్గు కూడా రాలేదు. దాన్ని విస్తరి అంచున పెట్టాక కాకి వాలింది.

"సూసిండ్రా, పాణం నిమ్మలమైంది" అని అందరూ సంబరపడ్డారు. ఛీ, ఆ నవ్వులు చూస్తే ఒళ్ళంతా కంపరమెత్తింది.

వచ్చేటప్పుడు ఉండబట్టలేక, "సర్కారు గీ బీడీలు బంద్ పెట్టాలె" అన్నాను. మరదలు లక్ష్మి పెళ్ళైనప్పటి నుంచీ బీడీలు చేసే బతుకుతోంది.

"బంద్ పెడితే మేమేం తినాలె వదినె?" అని కసిరింది. కొంచెం దూరం నడిచాక నా చెయ్యి పట్టుకుంది. "పోరడు గుంజుడు సూసినవా? అచ్చం వాళ్ళ నాయిన లెక్కనే..."

ఇల్లు చేరేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

మైల కాబట్టి దేవుడి దగ్గర దీపం పెట్టలేదు. తమ్ముడికి శాంతి కలగాలని మనసులోనే మొక్కబోతే, శ్రీకాంత్ పేరే వచ్చింది.