గడప దగ్గర మందునీళ్ళు

కోట

లక్ష్మక్కకు చెల్లెలు శారద నమస్కారాలు పెట్టి రాస్తున్నది.

నేను ఒంట్లో బాగానే ఉన్నాను. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. బావకు మోకాలి నొప్పి తగ్గిందా? చిన్నదానికి మళ్ళీ జ్వరం రాలేదు కదా? రోజూ ఫోనులో అడుగుతూనే ఉన్నావు, ఇప్పుడీ ఉత్తరమేమిటే అంటావు. ఫోనులో నువ్వు ఎట్లున్నావే అనగానే బాగున్నానక్కా అని అబద్ధం నోటికొచ్చేస్తుంది. కాగితం మీద అంత తొందరగా రాదు. దీన్ని నీ జిరాక్సు షాపులో జనం ముందు చదవకు, ఇంటికి పోయి చదువు.

ఇక్కడ వారం నుంచి ముసురు. ఆదోనిలో మనం వాన కోసం మొహం వాచి ఉంటాం, ఇక్కడ ఉతికిన బట్ట మూడు రోజులకు కూడా ఆరదు. ఉప్పుగాలికి కంప్యూటర్ల మరలు తుప్పు పట్టి, విప్పబోతే తల ఊడి చేతికొస్తుంది. మెస్సులో చేపల పులుసు బాగానే ఉంటుంది కానీ జొన్నరొట్టె మీదికి మనసు పోతుంది. ఎవరైనా నెల్లూరు వైపు వస్తుంటే కాసిని రొట్టెలు, చెనిక్కాయల పొడి పంపు. మరీ తిప్పలు పడొద్దు, వీలైతేనే.

నేను పని చేసేది రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో అని నీకు తెలుసు. తల్లి రొయ్యలు గుడ్లు పెడతాయి, పిల్లలు పెద్ద పెద్ద సిమెంటు తొట్లలో పెరుగుతాయి, రైతులు కొనుక్కుపోయి గుంటల్లో వేసుకుంటారు. తొట్ల లెక్కలు, ల్యాబు రిపోర్టులు, కెమెరాలు అన్నీ కంప్యూటర్లలోనే, వాటిని చూసుకోవడమే నా పని. నేను వచ్చేనాటికి పదకొండు కంప్యూటర్లకూ ఒకటే పాస్‌వర్డు. వాచ్‌మన్‌కు కూడా నోటికి వచ్చు. ఎవరి పెన్‌డ్రైవు ఎక్కడైనా పెట్టేవాళ్ళు. వచ్చిన వారంలోనే అన్నీ మార్చేశాను. ఎవరి పాస్‌వర్డు వాళ్ళదే, పెన్‌డ్రైవులు బంద్, లేచి వెళితే స్క్రీన్‌కు తాళం వేసి వెళ్ళాలి. బ్యాకప్ తీసిన డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టాలి. "ఒక్క నిమిషం పనే కదా మేడం" అంటే ఒప్పుకునేదాన్ని కాదు. నా నోరు నీకు తెలిసిందే. నాకు పోలీసమ్మ అని పేరు పెట్టారు. మధ్యాహ్నం షెడ్డులో అందరూ గుంపుగా కూర్చుని తింటారు, నేను వెళితే మాటలు ఆగిపోతాయి. రెండు నెలలు మూలన గోడవైపు తిరిగి తిన్నానక్కా. ఈ మాట నీకు ఫోనులో ఒక్కసారి కూడా చెప్పలేదు.

పిలిచింది ఎస్తేరమ్మ ఒక్కతే. పిల్లల తొట్ల సెక్షన్ అంతా ఆవిడ చేతి కింద నడుస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే పని. ఒకరోజు "ఏం పాపా, ఒక్కదానివే తింటా ఉండావు? ఇట్టా రా" అని పక్కన చోటు చూపించి, గిన్నెలోంచి రెండు చేప ముక్కలు నా కంచంలో వేసింది. ఆ రోజే అందరితో అంది, "ఒక తొట్టిలో ముంచిన వల ఇంకో తొట్టిలో ముంచుతామా మనం? ముంచం గదా. ఈ పాప మొత్తుకుంటా ఉండేదీ అదే." మరుసటి రోజు నుంచి ఒక్కరు కూడా నాకు ఎదురు చెప్పలేదు. నేను రెండు నెలలు గొంతు చించుకున్నా కాని పని ఆవిడ ఒక్క మాటతో చేసేసింది. అప్పటి నుంచి మధ్యాహ్నాలు ఆవిడ పక్కనే. ఆదివారాలు వాళ్ళింటికి కూడా పోయేదాన్ని. ఊరుగాని ఊరిలో నన్ను తన మనిషి అనుకున్నది ఆవిడే.

నీ షాపు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. పాస్‌వర్డు చీటీ ఇంకా మానిటర్‌కే అంటించి పెట్టావా? తీసెయ్ తల్లీ. జనం తెచ్చే పెన్‌డ్రైవుల కోసం పాత కంప్యూటర్ ఒకటి విడిగా పెట్టు, నీ బిల్లులున్న దాంట్లో వాటిని పెట్టొద్దు. వాళ్ళ ఆధార్ కాపీలు ప్రింటు తీశాక అక్కడికక్కడే చెరిపెయ్. మెయిలు తెరవాలంటే ఫోనుకు కోడు వచ్చేలా పెట్టుకో, ఆ కోడు బ్యాంకు నుంచి అని ఎవరు అడిగినా చెప్పకు. బావను షాపు కంప్యూటర్లో ఆటలు దించుకోవద్దను. మొహం ముడుచుకుంటే నా పేరు చెప్పు, నేను పడతాను.

అసలు విషయం వదిలేసి చుట్టూ తిరుగుతున్నాను. చెప్పేస్తాను.

తొట్ల సెక్షన్ గడప దగ్గర ఊదారంగు మందునీళ్ళు ఉంటాయి. బయటి నుంచి ఎవరొచ్చినా చెప్పులు విప్పి, కాళ్ళు అందులో ముంచి లోపలికి రావాలి. యజమాని అయినా సరే. బయట గుంటల్లోని రోగం కాళ్ళ వెంట లోపలికి రాకూడదని. ఒక మంగళవారం మేనేజరు నన్ను రోడ్డవతల ఒక రైతు గుంట దగ్గరికి పంపాడు, కట్ట మీద కెమెరా పని చేయడం లేదని. చీలమండల దాకా బురదలో తిరిగాను. అక్కడుండగానే ఫోను వచ్చింది, తొట్ల సెక్షన్‌లో స్క్రీన్ మొత్తం నల్లగా అయిపోయిందని. ఎవరో మా కంప్యూటర్లలోకి చొరబడ్డారనుకుని పరుగెత్తుకొచ్చాను. చంకలో లాప్‌టాపు. ఒక్క నిమిషం పనే కదా అనుకుని, చెప్పులతోనే మందునీళ్ళ పక్కనుంచి దాటి లోపలికి వెళ్ళాను. చూస్తే ప్లగ్గు ఊడింది, అంతే. ఆ రోజు ఎస్తేరమ్మ లేదు. దొరవారిసత్రంలో వాళ్ళ బంధువులు పోతే వెళ్ళింది.

శనివారానికి రొయ్యపిల్లలు చావడం మొదలైంది. ల్యాబులో రొయ్యలకు అంటుకునే తెల్లమచ్చ రోగమని తేలింది. సెక్షన్‌లోని తొట్లన్నిటికీ క్లోరిన్ కొట్టి బతికున్నవాటిని కూడా చంపేశారు. ఎస్తేరమ్మ తొట్టి అంచు పట్టుకుని నిలబడి చూసింది. నా కాళ్ళ వల్లేనా అంటే ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ ఆ రైతు గుంటలోనూ అదే రోగం తేలిందని తర్వాత విన్నాను.

సోమవారం మేనేజరు పిలిచాడు. "ఆ యమ్మ చావింటికి పోయొచ్చినాక గదా రోగం వచ్చింది. కెమెరాల్లో చూసి చెప్పమ్మా, ఎవురు కాళ్ళు ముంచకుండా పోయినారో." ఆ రికార్డింగులు తెరిచే తాళం నా ఒక్కదాని దగ్గరే ఉంది. తెరిచాను. మంగళవారం, నేనే. లాప్‌టాపు చంకలో పెట్టుకుని, మందునీళ్ళ వైపు చూసి మరీ పక్కనుంచి దాటాను. చూసి దాటానక్కా, మరిచిపోయి కాదు.

"ఇంకా వెతుకుతున్నాను సార్" అన్నాను. ఆ మాట ఆరు రోజులు అన్నాను. మా కెమెరాల్లో పదిహేను రోజుల పాతది దానంతట అదే చెరిగిపోతుంది. ఇంకో నాలుగు రోజులు ఓర్చుకుంటే నేను వేలు కూడా కదపనక్కర్లేదు. ఆ ఆరు రోజులూ ఎస్తేరమ్మ పక్కనే కూర్చుని అన్నం తిన్నాను.

శనివారం మేనేజరు ఆవిడను సోమవారం నుంచి రావద్దన్నాడు. ఆవిడ ఏడవలేదు, గొడవ పడలేదు. అన్నం కలుపుతూ నన్ను అడిగింది, "నేనే ఎప్పుడన్నా కాళ్ళు ముంచకుండా వచ్చుంటానా పాపా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలా. వయసైపోయింది గదా, మరిచిపోయుంటా."

ఇరవై ఏళ్ళ మనిషి తనను తానే అనుమానించుకుంటోంది. కంచం పక్కన పెట్టేశాను. చెయ్యి కడుక్కుని, ఆవిడనూ మేనేజరునూ నా కంప్యూటర్ గదికి పిలిచి, మంగళవారం రికార్డింగు పెట్టి చూపించాను. మేనేజరు నోటికొచ్చినట్టు తిట్టాడు, పడ్డాను. కంప్యూటర్లు చూసే ఇంకో మనిషి దొరకడం కష్టమని కాబోలు, రాతపూర్వకంగా హెచ్చరించి వదిలేశాడు. ఎస్తేరమ్మ పని ఎస్తేరమ్మకే ఉంది. కెమెరాల తాళంలో సగం మేనేజరుకు ఇచ్చేశాను, ఇప్పుడు మేమిద్దరం కలిస్తే తప్ప తెరుచుకోదు. నీ షాపులో కూడా అన్ని తాళాలూ ఒకరి దగ్గరే ఉంచకు, ఆ ఒక్కరు నువ్వైనా సరే.

మేనేజరు వెళ్ళాక ఆవిడ అంది, "ఆ పొద్దే చెప్పుంటే నాలుగు తిట్టుండేదాన్ని, రెండు కొట్టుండేదాన్ని, ఆ పొద్దుతో అయిపోయుండేది. ఆరు దినాలు నా పక్కన కూచుని నా కూర తిన్నావే." పాపా అని అనలేదు.

అది జరిగి రెండు వారాలైంది. నాతో ఎవరూ చెడ్డగా మాట్లాడటం లేదు. చెప్పిన నియమాలన్నీ పాటిస్తున్నారు. మధ్యాహ్నం షెడ్డుకు వెళతాను. గోడవైపు తిరగను, ఆవిడకు కనిపించేటట్టే కూర్చుంటాను. ఆవిడ నా వైపు చూడదు. నేను తిన్నట్టు చేసి లేస్తాను.

నాకిక్కడ ఇంకెవరూ లేరక్కా. నీ దగ్గర దాచేదేముంది, ముసురులో నేనుండే గదికి తిరిగి వెళ్ళాలంటే ఏడుపొస్తుంది. ఇది చదవగానే నువ్వు ఫోను చేసి, ఆ ఉద్యోగం పాడుగాను, వచ్చెయ్యవే అంటావని తెలుసు. అనొద్దు. నువ్వు ఒక్కసారి రమ్మంటే సంచి సర్దుకుని వచ్చేస్తాను. ఆవిడ నన్ను కూర్చోబెట్టి ఆ నాలుగు తిట్లూ తిట్టేదాకా నేను ఇక్కడే ఉండాలి.

పెద్దత్తకు నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ దీవెనలు నా మీద ఉండాలి.

నీ చెల్లెలు
శారద