బొల్లారం ముక్కు

శనివారం, పణజి

ఎట్టకేలకు గోవా చూశాను! కరోనా భయంతో ఏడాదిగా బీరంగూడ దాటని నేను, నది మీద దీపాలతో మెరిసిపోతున్న క్యాసినో ఓడను చూసి ఎగిరి గంతేశాను. ఎక్కేముందు చేతుల్లో శానిటైజర్ పోశారు. మా ఆయన వాసన చూసి, పోసినతనికి వినపడేలాగే "నీళ్లు కలిపిండ్రు" అన్నాడు. బొల్లారం మందుల కంపెనీలో పదేళ్లు స్పిరిట్ లాంటి సాల్వెంట్ల మధ్య పనిచేసిన ముక్కు మరి! సిగ్గేసి మాస్కు కళ్లదాకా లాక్కున్నాను. లోపల జూదం చక్రం తిరుగుతుంటే మాత్రం గొంతు పోయేలా అరిచాను.

తర్వాత ఒడ్డున హోటల్‌కి వెళ్లాం. లాక్‌డౌన్ తర్వాత బయట కూర్చుని తినడం ఇదే మొదలు! చేపల వేపుడు వస్తుంటేనే నీసు వాసన మాస్కు దాటి నా ముక్కుకి కొట్టింది. ఆయన మాత్రం లొట్టలేస్తూ, "ఎంత తాజా చేపనే! జెర్రంత గూడ నీసు లేదు" అన్నాడు.

నేను ప్లేటు పక్కకు నెట్టేశాను.

గదికి రాగానే, ఆయన కంపెనీ నుంచి తెచ్చిన శానిటైజర్ తీశాను. మూత తిప్పగానే నాకు ముక్కు మండింది. ఆయన అరచేతిలో పోస్తే వాసన చూసి నవ్వాడు.

"నువ్వు గూడ నీళ్లు కలిపినవా ఏందే?"

పాపం, ఆ ఓడ దగ్గరి మనిషి ఏమీ కలపలేదు.